ఫ్రమ్ అడ్రసు ఎవరు రాశారు?

మా కింద వాటాలో ఉండే అక్క ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. పోయిన నెల ఒక శుక్రవారం సాయంత్రం, ఇంటికి బయల్దేరబోతుండగా, ఆమెకు ఒక మెయిల్ వచ్చింది. ఏళ్లుగా వాళ్లకు అట్టపెట్టెలు వేసే పార్టీ పేరుతో. "మా పాత అకౌంటు ఆడిట్‌లో ఉంది, ఈసారి పేమెంటు ఈ కొత్త అకౌంటుకు వెయ్యగలరు" అని అందులో ఉంది. బిల్లు నంబరు సరిపోయింది. మొత్తం పైసలతో సహా సరిపోయింది. ఆమె వేసేసి ఇంటికొచ్చింది. పదకొండు రోజుల తర్వాత అసలు పార్టీ ఫోన్ చేసి "అమ్మా, మా డబ్బు ఇంకా పడలేదు" అన్నాకగానీ జరిగింది తెలియలేదు.

ఆ రాత్రి వాళ్లింట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఏడో తరగతి చదివే వాళ్లమ్మాయి మాత్రం మెట్లెక్కి మా వాటాలోకి వచ్చింది. ఆఫీసుల్లో కంప్యూటర్లు, మెయిళ్లు నడిపే పని నాదని దానికి తెలుసు. "మావయ్యా, మెయిల్ మీద ఆ పెట్టెల అంకుల్ పేరే ఉందిగా. మరి వేరేవాళ్లు పంపడం ఎలా కుదిరింది? తప్పు పేరు రాస్తే కంప్యూటర్ ఒప్పుకోకూడదు కదా?" అని అడిగింది.

కింద ఎవరో "నీకెందుకే ఇవన్నీ, వెళ్లి పడుకో" అన్నారట. నాకు మాత్రం ఆ రోజు ఆ ఇంట్లో మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అదేననిపించింది. ఇరవై ఏళ్లుగా మెయిల్ వాడుతున్నవాళ్లు కూడా దాన్ని అడగకుండానే రోజులు గడిపేస్తారు. అందుకే దానికి చెప్పినట్టే, కాస్త నిదానంగా, ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నగారు ఆర్ఎంఎస్‌లో సార్టర్. రైల్వే మెయిల్ సర్వీస్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. రైలు పరుగెడుతుండగానే పెట్టెలో నిలబడి, ఉత్తరాలను ఊళ్లవారీగా గళ్లలో వేసే పని అది. ఇంట్లో పాత కవరు ఒకటి ఉంటే తెచ్చి చూపించాను. కుడివైపు ఎవరికి చేరాలో వాళ్ల అడ్రసు. ఎడమవైపు మూలన ఫ్రమ్ అడ్రసు. "ఈ ఫ్రమ్ అడ్రసు ఎవరు రాస్తారు?" అని అడిగాను. "ఉత్తరం రాసినవాళ్లే" అంది. "అది నిజమో కాదో పోస్టాఫీసువాళ్లు చూస్తారా?" కాసేపు ఆలోచించి, "చూడరేమో" అంది.

చూడరు. ఎందుకు చూడరో ఒక్క నిమిషం ఆగి ఆలోచిద్దాం. పోస్టాఫీసు పని ఉత్తరాన్ని చేర్చడం. దానికి కావలసింది చేరాల్సిన అడ్రసు, సరిపడా స్టాంపు. పంపినవారి అడ్రసు లేకపోయినా ఉత్తరం చేరుతుంది, తప్పుగా ఉన్నా చేరుతుంది. కాబట్టి నేను కవరు మీద కలెక్టరుగారి పేరు రాసి డబ్బాలో వేస్తే ఆపేవాళ్లెవరూ లేరు. ఆ కవరు మీద పంపినవాడు తన చేత్తో రాయలేనిది ఒక్కటే, పోస్టుముద్ర. కలెక్టరాఫీసు నుంచి వచ్చినట్టున్న ఉత్తరం మీద ఎక్కడో మారుమూల ఊరి ముద్ర ఉంటే నాన్నగారిలాంటి వాళ్లకు వెంటనే తెలిసిపోయేది. కానీ ఇంట్లో కవరు చించి ఉత్తరం చదివే మనం ముద్ర చూస్తామా?

మెయిల్ కూడా ఇదే అచ్చులో పోసినది. కంప్యూటర్ల మధ్య మొదటి మెయిల్ 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ పంపాడు. మనం రోజూ కొట్టే 'ఎట్' గుర్తును మనిషి పేరుకీ కంప్యూటరు పేరుకీ మధ్య పెట్టింది ఆయనే. తర్వాత 1982లో జాన్ పోస్టెల్ మెయిళ్లను మోసుకెళ్లే పద్ధతిని రాశాడు. ఎస్ఎంటీపీ (మెయిళ్లను ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు అందించే నియమాలు) అనే ఆ పద్ధతి మీదే ఈనాటికీ మన మెయిళ్లు నడుస్తున్నాయి. అప్పట్లో ఆ వలలో ఉన్నవి కొన్ని వందల కంప్యూటర్లు. వాటి ముందు కూర్చునేది విశ్వవిద్యాలయాలవాళ్లు, పరిశోధకులు. ఒకరికొకరు తెలిసినవాళ్లు. చిన్న పల్లెలో రాత్రి తలుపులకు తాళం వెయ్యకుండా పడుకున్నట్టు, ఫ్రమ్ దగ్గర ఏ పేరు రాస్తే ఆ పేరునే నమ్మే ఏర్పాటు చేసుకున్నారు. ఆ పల్లె కోట్లమంది ఉండే మహానగరం అయిపోయింది. తలుపు మాత్రం అప్పటిదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. మెయిల్‌కు కూడా లోపల ఒక కాగితం, బయట ఒక కవరు ఉంటాయి. కంప్యూటర్లు కవరు మీది అడ్రసు చూసి చేరవేస్తాయి. చేరాక కవరును పక్కన పెట్టేసి మనకు లోపలి కాగితమే చూపిస్తాయి. ఆ కాగితం నెత్తిన ఉండే పేరు, అంటే మనకు లావు అక్షరాల్లో కనిపించేది, పంపినవాడు టైపు చేసుకున్న పేరు. పెళ్లి శుభలేఖ మీద "మీ రాకను కోరుతూ" అని కింద ఎవరి పేరు వేయిస్తే ప్రెస్సువాడు వాళ్ల పేరే వేస్తాడు చూడండి, అలాగే. ఫోనులో అయితే ఆ పేరు ఒక్కటే కనిపిస్తుంది, అసలు అడ్రసు దాని వెనక దాక్కుంటుంది. పేరు మీద వేలు పెట్టి నొక్కితేనే బయటపడుతుంది. కంప్యూటరైతే పేరు పక్కనే కోణాల బ్రాకెట్ల మధ్య ఉంటుంది. ఆఫీసులో మెయిల్ తెరవగానే చూడాల్సింది పేరు కాదు, ఆ అడ్రసు.

అడ్రసును ఎలా చూడాలో నాన్నగారి పనిలోనే ఉంది. సార్టరు కవరును పై నుంచి చదవడు. పేరు, ఇంటి నంబరు, వీధి అతనికి అక్కర్లేదు. అతని కన్ను నేరుగా చివరి వరసకు, పిన్‌కోడుకు, ఊరికి వెళ్తుంది. ఉత్తరం ఎటు పోవాలో తేల్చేది ఆ చివరి వరసే. ఇంటర్నెట్ అడ్రసు కూడా అంతే, దాని అసలు సంగతి చివర్లో ఉంటుంది. 'ఎట్' గుర్తు తర్వాత ఉండేదాన్ని డొమైన్ (ఆ అడ్రసు ఏ సంస్థదో చెప్పే భాగం) అంటారు. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. 'డాట్ కామ్' అని ఉంటే దానికి ఆనుకుని ఎడమన ఉన్నదే ఇంటిపేరు. మనం ఇంటిపేరు ముందు రాసి అసలు పేరు తర్వాత రాస్తాం. ఇంటర్నెట్ అడ్రసులో ఇంటిపేరు తర్వాత వస్తుంది. ఈ తేడా మీదే దొంగ బతుకుతున్నాడు. "మీబ్యాంకు డాట్ లాగిన్‌సేవ డాట్ కామ్" అని రాస్తే, మన కన్ను మొదట చూసేది మీబ్యాంకు. కానీ ఆ ఇంటిపేరు లాగిన్‌సేవ. మీబ్యాంకు అనేది ఆ ఇంట్లో పుట్టిన పిల్లాడికి పెట్టుకున్న పేరు. ఎవరి ఇంట్లో పిల్లాడికి వాళ్లు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. 'డాట్ కో డాట్ ఇన్' లాంటివాటిలో చివరి రెండు ముక్కలూ ఊరి పేరు కింద లెక్క, ఇంటిపేరు వాటికి ఎడమన ఉంటుంది. ఈ మధ్య రిజర్వు బ్యాంకు మన దేశంలోని బ్యాంకులన్నిటినీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే వీధిలోకి మారమని చెప్పి, 2025 అక్టోబరు 31 దాకా గడువు పెట్టింది. ఆ వీధిలో బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇల్లు ఇవ్వరు. నాకు చాలా నచ్చిన ఏర్పాటు ఇది, ఎందుకంటే చివరి వరస చదవడం వచ్చినవాడికి ఇక బ్యాంకు పేరుతో గాలం వెయ్యడం కష్టం.

గాలం అన్నాను కదా, ఫిషింగ్ అనే మాట అక్కణ్నుంచి వచ్చిందే. 1990ల నడుమ అమెరికా ఆన్‌లైన్ అనే సంస్థ చందాదారులకు, ఆ సంస్థ సిబ్బందిమని చెప్పుకుంటూ కొందరు సందేశాలు పంపి పాస్‌వర్డులు లాగేవారు. ఎర వేసి కూర్చుంటే ఎవరో ఒకరు కొరుకుతారన్న లెక్క. ఈ పనిలో ఆనాటికీ ఈనాటికీ మారనిది ఆ లెక్కే. వెయ్యిమందికి పంపితే ఒక్కరు చాలు.

"మరి ఇన్నేళ్లలో ఎవరూ బాగుచెయ్యలేదా?" అని అమ్మాయి అడిగింది. చేశారు. ఇప్పుడు మెయిల్‌కు మూడు తనిఖీలు ఉన్నాయి. మొదటిది ఎస్‌పీఎఫ్: "మా సంస్థ మెయిళ్లు ఫలానా కంప్యూటర్ల నుంచే బయల్దేరతాయి" అని సంస్థ నోటీసుబోర్డు మీద పెట్టే జాబితా. రెండోది డీకిమ్: ఉత్తరాన్ని మధ్యలో ఎవరూ దిద్దలేదని చూపే లక్కముద్ర. మూడోది డీమార్క్: పై రెండింటిలో తేడా వస్తే ఆ ఉత్తరాన్ని పారెయ్యాలా, పక్కన పెట్టాలా, పోనివ్వాలా అని సంస్థ ముందే చెప్పి ఉంచే మాట. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ తమకు మూకుమ్మడిగా మెయిళ్లు పంపే సంస్థలన్నీ ఈ ఏర్పాట్లు చేసుకుని తీరాలన్నాయి. అందువల్ల ఇంకొకరి అడ్రసును ఉన్నదున్నట్టు వేసుకుని రావడం మునుపటికన్నా కష్టమైంది.

అయితే దొంగ రెండు పక్కదారులు కనిపెట్టాడు. ఒకటి, పోలిన అడ్రసు. ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన రాస్తే 'ఎమ్' లాగే కనిపిస్తాయి. ఎల్‌కూ ఒకటికీ తేడా తెలియదు. మనం ప, వ తారుమారు చేసి చదివినట్టే. అలాంటి పేరును కొన్ని వందల రూపాయలు కట్టి తన పేరున రిజిస్టరు చేయించుకుంటే, ఆ ఇల్లు నిజంగా అతనిదే. మూడు తనిఖీలూ నెగ్గుతాడు. తనిఖీ చెప్పేది "ఈ ఉత్తరం ఈ ఇంటి నుంచే వచ్చింది" అని మాత్రమే. ఆ ఇంట్లో ఉన్నది మంచివాడా అనేది దాని పని కాదు. అక్కకు వచ్చిన మెయిల్‌ను నేను తర్వాత తెరిచి చూస్తే, పార్టీ పేరు చివర ఒక 'ఎస్' ఎక్కువగా ఉంది. అంతే. శుక్రవారం సాయంత్రం ఆరు కావొస్తుండగా ఆ ఒక్క అక్షరం ఎవరికి కనబడుతుంది?

రెండో దారి ఇంకా లోతైనది. బిల్లు నంబరు, పైసలు కూడా దొంగకు ఎలా తెలిశాయి? అంటే అటువైపో ఇటువైపో ఎవరిదో ఒకరి మెయిల్‌బాక్సు అంతకుముందే అతని చేతిలో పడి ఉండాలి. "మీ మెయిల్‌బాక్సు నిండిపోయింది, మళ్లీ లాగిన్ అవ్వండి" అనే మెయిల్‌ను ఎవరో నమ్మి పాస్‌వర్డు ఇచ్చి ఉంటారు. పాస్‌వర్డు దొరికిన రోజునే దొంగ ఏమీ చెయ్యడు. వారాల తరబడి కూర్చుని చదువుతాడు. ఎవరికి ఎవరు ఎంత ఇవ్వాలి, ఎవరు ఎవరిని సర్ అంటారు, ఎవరు అన్నా అంటారు, ఎండీగారు ఎప్పుడు ఊళ్లో ఉండరు, అన్నీ నేర్చుకుంటాడు. కొందరైతే వచ్చిన మెయిళ్లన్నీ తమకు ఒక కాపీ వచ్చేలా ఆ మెయిల్‌బాక్సులోనే ఒక నియమం పెట్టిపోతారు. తర్వాత పాస్‌వర్డు మార్చినా కాపీలు పోతూనే ఉంటాయి. మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్ అని ఉండే చోట మనం పెట్టని అడ్రసేమైనా ఉందా అని అప్పుడప్పుడు చూసుకోమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. ఒక్కోసారి పోలిన అడ్రసు కూడా అక్కర్లేదు, దొరికిన ఆ అసలు మెయిల్‌బాక్సు నుంచే, పాత సంభాషణ కిందనే జవాబు రాస్తాడు. అప్పుడు అడ్రసు నిజం, ముద్ర నిజం, పాత మాటలు నిజం. మనిషి ఒక్కడే అబద్ధం.

ఇక్కడికి వచ్చేసరికి అమ్మాయి ముఖం చిన్నబోయింది. "అయితే తెలుసుకోవడానికి దారే లేదా?" అంది. ఉత్తరాన్ని ఎంత తిరగేసినా ఉత్తరంలో దొరకదు. బయట దొరుకుతుంది. ఎవరైనా వచ్చి "నేను మీ నాన్న స్నేహితుణ్ని, నమ్మకం లేకపోతే ఇదిగో ఈ నంబరుకు ఫోన్ చేసి అడుగు" అని తనే నంబరిస్తే, ఆ నంబరుకు చేస్తామా? నాన్న నంబరు మనకు తెలిసిందే ఉంది కదా, దానికే చేస్తాం. మెయిల్‌లో ఉన్న ఫోన్ నంబరు, మెయిల్‌లో ఉన్న లింకు, మెయిల్‌కు రిప్లై కొట్టడం, ఈ మూడూ దొంగ చూపించిన దారులు. వాటివెంట వెళ్తే మళ్లీ దొంగ దగ్గరికే చేరతాం. పాత బిల్లు మీది నంబరు, మనం స్వయంగా టైపు చేసిన వెబ్‌సైటు, రెండు బల్లల అవతల కూర్చున్న మనిషి, ఇవి మన దారులు.

ఈ తేడా ఎంత సూక్ష్మమో 2016లో అమెరికాలో జరిగిన ఒక సంగతి చెబుతుంది. హిల్లరీ క్లింటన్ ఎన్నికల ప్రచార సారథి జాన్ పొడెస్టాకు మార్చిలో గూగుల్ పేరుతో "మీ పాస్‌వర్డు ఎవరికో తెలిసిపోయింది, వెంటనే మార్చుకోండి" అని మెయిల్ వచ్చింది. ఆయన సిబ్బందికి అనుమానం వచ్చి కంప్యూటర్లు చూసే అతన్ని అడిగారు. అతను ఇది అసలైన మెయిలేనని జవాబిచ్చాడు. నకిలీదని రాయబోయి అలా రాశానని తర్వాత చెప్పాడు. కానీ అదే జవాబులో గూగుల్ అసలు పేజీ లింకు కూడా ఇచ్చాడు. అది నొక్కి ఉంటే ఏమీ అయ్యేది కాదు. వాళ్లు మాత్రం మెయిల్‌లో ఉన్న బటనే నొక్కారు. ఆయన వేల మెయిళ్లు ఆ అక్టోబరులో వికీలీక్స్‌లో బయటపడ్డాయి. సరైన దారి చేతికిచ్చినా, కంటి ముందున్న దారి వైపే చెయ్యి పోతుంది. అది తెలివితక్కువతనం కాదు, అలవాటు.

తెలివితక్కువతనం కాదని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఆ రాత్రి అక్క పదేపదే అన్న మాట "నా బుర్ర ఏమైపోయింది" అని. 2011లో ఆర్ఎస్ఏ అనే సంస్థలో ఒక ఉద్యోగి, ఆ ఏడాది నియామకాల ప్రణాళిక అని పేరున్న ఎక్సెల్ ఫైలును తెరిచారు. ఆ మెయిల్ అప్పటికే జంక్ సంచిలో పడి ఉంది; దాన్ని బయటికి తీసి మరీ తెరిచారు. దొంగలు లోపలికి వచ్చారు. ఆర్ఎస్ఏ చేసే వ్యాపారం ఏమిటో తెలుసా? ఇతర సంస్థలకు కంప్యూటర్ భద్రత అమ్మడం. లిథువేనియాకు చెందిన ఎవాల్డాస్ రిమాసౌస్కాస్ అనే అతను తైవాన్‌లోని క్వాంటా కంప్యూటర్ పేరునే లాత్వియాలో ఒక కంపెనీకి పెట్టుకుని, దొంగ బిల్లులు పంపి, 2013-15 మధ్య గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచి 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. ఆ రెండు కంపెనీలూ క్వాంటాతో నిజంగానే వ్యాపారం చేస్తున్నాయి కాబట్టి బిల్లులు రావడం ఎవరికీ వింతగా తోచలేదు. 2019లో అతనికి 5 ఏళ్ల శిక్ష పడింది. అట్టపెట్టెల బిల్లుకు అక్క మోసపోయిన పద్ధతి అచ్చం ఇదే.

ఇక మన ఆఫీసుల్లో దొంగకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది మన మర్యాద. పెద్దవాళ్లు చెప్పినదాన్ని మళ్లీ అడగకపోవడం మనకు ఇంట్లో నేర్పిన పద్ధతి. "సార్, ఈ మెయిల్ మీరే పంపారా?" అని ఎండీగారికి ఫోన్ చెయ్యడానికి కొత్తగా చేరిన కుర్రవాడికి గుండెలుండాలి. ఆయన మీటింగులో ఉంటారేమో, విసుక్కుంటారేమో, నా మాటనే నమ్మవా అంటారేమో. దొంగ మెయిల్‌లో "నేను మీటింగులో ఉన్నాను కాబట్టి ఫోన్ చెయ్యొద్దు, అర్జెంటు, ఎవరికీ చెప్పొద్దు" అని ఉండేది అందుకే. ఆ మూడు మాటలూ మూడు తలుపులు మూస్తాయి. ఒకటి సరిచూసుకునే దారిని, ఒకటి ఆలోచించుకునే సమయాన్ని, ఒకటి పక్కవాణ్ని అడిగే వీలును. 2022 సెప్టెంబరులో పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో ఒక డైరెక్టరుకు, సంస్థ అధిపతి అదర్ పూనావాలా పేరుతో వాట్సాప్‌లో ఇలాంటి సందేశాలే వచ్చాయి. కోటి రూపాయలకు పైగా వెళ్లిపోయాయి. 2024 మొదట్లో హాంకాంగ్‌లో ఆరప్ అనే ఇంజనీరింగు సంస్థ ఉద్యోగికి లండన్ పెద్దాయన పేరుతో మెయిల్ వచ్చినప్పుడు, అతనికి ఇది ఫిషింగేమోనని అనుమానం వచ్చింది కూడా. తర్వాత వీడియో కాల్‌లో ఆ పెద్దాయన, తోటి ఉద్యోగులు కనబడేసరికి అనుమానం పోయింది. తెర మీద ఉన్నవాళ్లంతా కంప్యూటరు కల్పించిన బొమ్మలు. 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు 15 విడతల్లో పంపేశాడు. అతని మొదటి అనుమానం సరైనదే. వీడియో కాల్‌కు పిలవడం కూడా ఆ దొంగ చూపించిన దారేనన్నది ఒక్కటే తట్టలేదు.

కాబట్టి పైవాళ్లు చెయ్యగలిగిన పని ఒకటుంది. "నా పేరుతో డబ్బు మాట ఎప్పుడొచ్చినా నాకు ఫోన్ చేసి అడగండి, అర్ధరాత్రయినా సరే" అని ఎండీ తన నోటితో, అందరి ముందూ ఒకసారి చెప్పాలి. అడిగినవాణ్ని మెచ్చుకోవాలి. ఏ సాఫ్ట్‌వేరు కన్నా ఇదే ఎక్కువ కాపాడుతుందని ఇన్నేళ్ల నా అనుభవం.

లింకుల సంగతి కాస్త చెప్పాలి. మెయిల్‌లో నీలిరంగులో కనిపించే అక్షరాలు వేరు, నొక్కితే తీసుకెళ్లే చోటు వేరు. బస్సు మీది బోర్డు విజయవాడ, డ్రైవరు పోయేది ఇంకో ఊరు. కంప్యూటరులో మౌస్‌ను లింకు మీద ఊరికే నిలిపితే, నొక్కకుండానే, అసలు గమ్యం కింద మూలన కనిపిస్తుంది. ఫోనులో వేలు కాసేపు అదిమి ఉంచాలి. ఆ వరుసలో మొదటి ఒంటి ఏటవాలు గీత (స్లాష్) దగ్గర ఆగి, దానికి ఎడమవైపు ఇంటిపేరు చదవాలి, సార్టరులాగే. క్యూఆర్ కోడ్ అయితే ఆ మాత్రం కూడా కనబడదు. మెయిల్‌లో క్యూఆర్ పంపి ఫోనుతో స్కాన్ చెయ్యమంటే, ఆఫీసు కంప్యూటరు కాపలా దాటించి మనల్ని మన సొంత ఫోనులోకి తీసుకెళ్తున్నారని అర్థం.

బ్రౌజరులో వెబ్‌సైటు అడ్రసు పక్కన కనిపించే తాళంకప్ప గుర్తును నమ్మొద్దు. అది చెప్పేది మనకూ ఆ వెబ్‌సైటుకూ మధ్య మాటలు ఎవరూ వినలేరని. ఆ వెబ్‌సైటు దొంగదైతే, దొంగతో మనం చాలా గుట్టుగా మాట్లాడుతున్నామన్నమాట. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ ఆ గుర్తునే తీసేసింది. ఓటీపీ కూడా పూర్తి కాపలా కాదు. దొంగ పేజీలో మనం కొట్టిన పాస్‌వర్డును, ఓటీపీని అతను ఆ క్షణంలోనే అసలు పేజీలో కొట్టేస్తాడు. మరి ఏది కాపలా? కంటికి ఆ ఒక్క అక్షరం తేడా కనబడదు గానీ యంత్రానికి కనబడుతుంది. పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డులు దాచిపెట్టి, సరైన చోట తనే నింపే సాధనం) పోలిన అడ్రసులో నోరు మెదపదు. రోజూ తనే నింపేది ఇవాళ ఎందుకు నింపలేదా అని ఆగితే చాలు. పాస్‌కీ, సెక్యూరిటీ కీ అనేవి (పాస్‌వర్డుకు బదులుగా, లేదా దానికి తోడుగా, ఫోను గానీ చిన్న పరికరం గానీ ఇచ్చే తాళాలు) ఇంకా గట్టివి. అసలు ఇంటిపేరు తప్ప వేరేదానికి అవి జవాబే ఇవ్వవు. 2017 తొలినాళ్ల నుంచి ఇలాంటి తాళాలు తప్పనిసరి చేశాక, 85 వేలమందికి పైగా ఉన్న తమ సిబ్బందిలో ఎవరి ఆఫీసు ఖాతా కూడా ఫిషింగ్‌కు చిక్కలేదని 2018లో గూగుల్ చెప్పింది.

జోడించిన ఫైళ్ల గురించి ఒక్క మాట. పాస్‌వర్డు పెట్టిన జిప్ ఫైలు, ఆ పాస్‌వర్డు అదే మెయిల్‌లో ఉంటే ఆలోచించండి. తాళం వేసి తాళంచెవి పక్కనే పెట్టడం ఎందుకు? తాళం మన కోసం కాదు, ఆఫీసు మెయిల్‌ను తనిఖీ చేసే యంత్రం లోపలికి తొంగిచూడకుండా. ఇక తప్పుల ఇంగ్లీషును బట్టి దొంగ మెయిల్‌ను పోల్చుకోవచ్చన్న పాత సలహా ఇప్పుడు పనికిరాదు. కృత్రిమ మేధతో ఇంగ్లీషే కాదు, చక్కటి తెలుగు కూడా రాయించుకుంటున్నారు.

నొక్కేశాక? సిగ్గుపడి దాచుకున్న ప్రతి గంటా దొంగకిచ్చిన గంట. వెంటనే ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాళ్లకు చెప్పాలి. మెయిల్‌ను చెరిపెయ్యకూడదు, దాని కవరు, ముద్ర అందులోనే ఉంటాయి, అవే ఆధారం. వేరే కంప్యూటరు నుంచి పాస్‌వర్డు మార్చి, అన్ని చోట్లా లాగౌట్ చెయ్యాలి. డబ్బు వెళ్లిపోతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, మన బ్యాంకుకు ఫోన్ చెయ్యాలి. డబ్బు ఒక అకౌంటు నుంచి ఇంకోదానికి, అక్కణ్నుంచి మరోదానికి గెంతుతూ పోతుంది. అది గెంతకముందే ఆ అకౌంటును బిగించడానికే ఆ నంబరు. అక్క విషయంలో పదకొండు రోజులు గడిచిపోయాయి. అకౌంటు ఖాళీ.

అమ్మాయి ఇంకో ప్రశ్న అడిగింది. "బ్యాంకువాళ్లయినా చూడాలి కదా, పెట్టెల అంకుల్ పేరు కొట్టి వేరేవాళ్ల అకౌంటు నంబరు వేస్తే?" చాలాకాలం బ్యాంకులూ ఫ్రమ్ అడ్రసు పద్ధతిలోనే నడిచాయి. బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో డబ్బు నంబరును బట్టి పడుతుంది, పేరును బట్టి కాదు. రిజర్వు బ్యాంకు చెప్పిన మీదట 2025 ఏప్రిల్ నుంచి, అకౌంటు నంబరు కొట్టగానే అది ఎవరి పేరున ఉందో పంపేవాళ్లకు చూపే ఏర్పాటు బ్యాంకులు ఇవ్వాల్సి వచ్చింది. అక్క ఆ పేరు చూసుకోలేదు.

మర్నాడు అక్క జరిగింది రాసిచ్చింది. వాళ్ల ఎండీ కోప్పడలేదట. ఏ పార్టీ అకౌంటు మారిందన్నా, పాత ఫైల్లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ఎవరు మాట్లాడారో, ఎన్ని గంటలకో ఫైల్లో రాశాకే డబ్బు వెయ్యాలని పెట్టారట. ఆ సంగతి చెప్పడానికి సాయంత్రం అమ్మాయి మళ్లీ పైకి వచ్చింది. చెప్పి, వెళ్లకుండా నిలబడింది.

"మావయ్యా, మరి ఆ ఫైల్లో నంబరు ఎవరు రాశారు?"

నాకు తెలియదన్నాను. కిందికి దిగి వాళ్లమ్మను అడిగి వచ్చింది. తొమ్మిదేళ్ల కిందట మొదటి లోడు పెట్టెలు దింపిన రోజు, ఆ అంకుల్ ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగుతూ చెబుతుంటే, అమ్మే పెన్నుతో రాసిందట.